పదిహేడో స్థానం, చేతిలో కప్పు: ఫుట్‌బాల్ మేనేజర్‌ను దేనితో తూచాలి?

2025 మే 22, తెల్లవారుజామున రెండున్నర. బిల్బావోలో యూరోపా లీగ్ (యూరప్ క్లబ్బుల టోర్నీ) ఫైనల్ అప్పుడే ముగిసింది. టాటెన్‌హామ్ 1, మాంచెస్టర్ యునైటెడ్ 0. టాటెన్‌హామ్ ఆటగాడు బ్రెన్నన్ జాన్సన్ కాలికి తగిలి పోయిందో, యునైటెడ్ ఆటగాడు ల్యూక్ షా చేతికి తగిలి పోయిందో ఎవరూ తేల్చలేని ఒక్క గోల్. మా బావమరిది ఫోన్ చేశాడు. వెనక వాడి కూతురు నిద్రలేచి ఏడుస్తోంది. "బావా, పదిహేడేళ్లు" అన్నాడు, అంతకుమించి మాట పెగల్లేదు. అంతకుముందు టాటెన్‌హామ్ గెలిచిన కప్పు 2008 నాటి లీగ్ కప్పు (లీగ్ టైటిల్ కాదు, ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ టోర్నీ). అప్పటికి వాడు ఇంటర్ చదువుతున్నాడు.

జూన్ 6న మళ్లీ ఫోన్. ఈసారి గొంతులో కోపం. ఆ కప్పు తెచ్చిన మేనేజర్ (ప్రధాన కోచ్) ఆంజ్ పోస్టెకోగ్లూకు క్లబ్బు ఉద్వాసన పలికింది. పదహారు రోజులు గడిచాయంతే. "ఇదేం న్యాయం బావా?" అని అడిగాడు. నేను టాటెన్‌హామ్‌కు బద్ధ ప్రత్యర్థి అయిన ఆర్సెనల్ అభిమానిని. టాటెన్‌హామ్ కష్టాలకు కన్నీరు పెట్టే బాధ్యత నాకు లేదు. అయినా వాడి ప్రశ్న నన్ను వదల్లేదు, ఎందుకంటే ఆ ఏడాది ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ పట్టికలో టాటెన్‌హామ్ స్థానం పదిహేడు. 38 మ్యాచ్‌ల్లో 22 ఓటములు, 38 పాయింట్లు. ఇంకొక్క మెట్టు దిగితే రెలిగేషన్ (కింది డివిజన్‌కు పడిపోయే) గీత కింద ఉండేది. ఒకే మనిషి, ఒకే సీజన్: ఒక తూకంలో వీరుడు, ఇంకో తూకంలో విఫలుడు.

ఇలాంటి వాదన మన వాట్సాప్ బృందాల్లో ప్రతి వారం నడుస్తుంది. ఒకరు పట్టిక చూపిస్తారు, ఇంకొకరు కప్పు చూపిస్తారు, మూడో వ్యక్తి ఖర్చు లెక్క తీస్తాడు, నాలుగోవాడు ఎక్స్‌జీ (గోల్ అవకాశాల లెక్క) అంటాడు. నలుగురూ తలా ఒక రాయి పట్టుకుని తూస్తుంటే తూకం ఎలా కుదురుతుంది? ఏ రాయి దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో నా అనుభవంలో తెలిసినంత చెబుతాను. అంతకంటే ముందు ఒక మాట. మేనేజర్ గురించి మనం అడిగే ప్రశ్నలు నిజానికి రెండు. ఇప్పటివరకు బాగా చేశాడా? ఇకపై ఉంచాలా? మొదటిది గడిచిన కాలం గురించి, రెండోది రాబోయే కాలం గురించి. మనలో ఎక్కువమంది ఒకదానికి జవాబు చెబుతూ రెండోదాన్నీ తేల్చేశామనుకుంటాం. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

పట్టిక

అందరికీ అందుబాటులో ఉండేది ఇదే. 38 మ్యాచ్‌లు, ప్రతి జట్టుతో ఇంట్లో ఒకసారి, బయట ఒకసారి. సీజన్ చివరి రోజున పాయింట్ల పట్టిక చెప్పేదాన్ని కాదనడం కష్టం. పోస్టెకోగ్లూను పంపించేటప్పుడు టాటెన్‌హామ్ తన ప్రకటనలో ఏ రాయి వాడిందో దాచలేదు: చివరి 66 ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌ల్లో 78 పాయింట్లు. అతడు వచ్చిన కొత్తలో మొదటి పది మ్యాచ్‌ల్లో 26 పాయింట్లు రావడంతో ఆ సీజన్ 66 పాయింట్లతో, ఐదో స్థానంతో ముగిసింది. ఆ పది మ్యాచ్‌ల తేనె తుడిచేస్తే మిగిలింది 38 మ్యాచ్‌ల సీజన్‌కు 45 పాయింట్ల చొప్పున ఆడిన జట్టు. ఈ లెక్క వేసిన రోజున నా బావమరిది కాసేపు మాట్లాడలేదు.

అయితే పట్టిక పాయింట్లనే చూపిస్తుంది, అవి ఎక్కడ పోయాయో చూపించదు. 2023-24లో ఎవర్టన్ 40 పాయింట్లతో పదిహేనో స్థానంలో ఉంది. మైదానంలో షాన్ డైచ్ జట్టు సంపాదించింది 48. మిగతా ఎనిమిదీ లీగ్ ఆర్థిక నిబంధనలు ఉల్లంఘించినందుకు రెండు విడతలుగా కోసిన పాయింట్లు. ఆ తప్పు జమాఖర్చుల పుస్తకంలో జరిగింది, పెనాల్టీ బాక్సులో కాదు. పదేళ్ల తర్వాత పట్టిక తిరగేసేవారికి డైచ్ పదిహేనో స్థానం మేనేజర్‌గానే కనిపిస్తాడు.

ఇంకో చిక్కు, కొద్ది మ్యాచ్‌ల పట్టిక. ఐదారు ఓటములు వరుసగా రాగానే మేనేజర్ మారతాడు, కొత్తవాడు వస్తాడు, జట్టు గెలవడం మొదలుపెడుతుంది. చూశారా, మార్చాల్సిందే అంటాం. నెదర్లాండ్స్ ఆర్థికవేత్త బాస్ టెర్ వీల్ తమ దేశపు లీగ్‌లో ఈ విషయాన్నే పరిశీలించాడు. మేనేజర్‌ను మార్చిన క్లబ్బులను, అంతే దిగజారినా మార్చని క్లబ్బులతో పోల్చాడు. రెండు రకాల క్లబ్బులూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. దురదృష్టం అడుగంటాక మామూలు స్థితికి రావడాన్నే మనం కొత్తవాడి ఖాతాలో వేస్తున్నామన్నమాట.

దీనికి నాకు గుర్తుండే ఉదాహరణ లెస్టర్. 2016 మేలో క్లాడియో రనియేరి 81 పాయింట్లతో లీగ్ గెలిచాడు. ఆ సీజన్ మొదట్లో బుక్‌మేకర్లు వాళ్ల గెలుపుకు ఇచ్చిన ధర 5000కు 1. తొమ్మిది నెలల తర్వాత, 2017 ఫిబ్రవరి 23న, రెలిగేషన్ గీతకు ఒకే ఒక్క పాయింట్ పైన ఉన్నప్పుడు రనియేరిని పంపించేశారు. ప్రపంచమంతా తిట్టింది. క్రెయిగ్ షేక్‌స్పియర్ చేతికి వచ్చాక జట్టు వరుసగా ఐదు లీగ్ మ్యాచ్‌లు గెలిచి పన్నెండో స్థానంలో ముగించింది. సరే, మార్పు ఫలించింది అనుకున్నారు. అక్టోబరు వచ్చేసరికి షేక్‌స్పియర్‌కూ ఉద్వాసనే.

నా సలహా: పది మ్యాచ్‌లలోపు పట్టిక చూసి తీర్పు చెప్పకండి. పూర్తి సీజన్ తర్వాత చెప్పండి, అదీ గడిచిన కాలం గురించిన ప్రశ్నకు జవాబుగా.

కప్పు

కప్పు దగ్గరికి వచ్చేసరికి లెక్కలు తెలిసినవాళ్లు కూడా మెత్తబడతారు. నేనూ అంతే. కానీ తూకపు రాయిగా దాన్ని ఒకసారి పరీక్షించి చూడండి.

మికెల్ అర్టెటా ఆర్సెనల్‌కు 2019 డిసెంబరులో వచ్చాడు. 2020లో చెల్సీని 2-1తో ఓడించి ఎఫ్ఏ కప్పు (ఇంగ్లండ్ పాత నాకౌట్ టోర్నీ) గెలిచాడు. ఆ ఏడాది లీగ్‌లో మా స్థానం ఎనిమిది. 2023-24లో మాకు వచ్చినవి 89 పాయింట్లు, మాంచెస్టర్ సిటీకి రెండు తక్కువ. కప్పేమీ లేదు. కప్పును బట్టి తూస్తే 2020 నాటి అర్టెటా గొప్ప మేనేజర్, 2024 నాటి అర్టెటా విఫలుడు. రెండు జట్లనూ చూసిన ఆర్సెనల్ అభిమాని ఒక్కడైనా దీన్ని ఒప్పుకుంటాడా? 2020లో మేం గోల్ ముందు బంతి పట్టుకుని ప్రార్థన చేస్తూ ఆడేవాళ్లం.

కారణం చిన్నది. ప్రీమియర్ లీగ్ జట్టు ఎఫ్ఏ కప్పు గెలవడానికి ఆరు మ్యాచ్‌లు చాలు. టాటెన్‌హామ్ ఆ యూరోపా లీగ్ కోసం ఆడినవి పదిహేను. మ్యాచ్‌లు తగ్గేకొద్దీ అదృష్టానికి చోటు పెరుగుతుంది. ఒక్క బంతి పోస్టుకు తగిలి లోపలికి పోయిందా, బయటికి పోయిందా అన్నదాని మీద ఒక మనిషి జీవితచరిత్ర తిరగబడుతుంది.

మాంచెస్టర్ యునైటెడ్ ఈ విషయంలో మనకు ఒక జంట ఉదాహరణ పెట్టి పోయింది. 2016లో లూయీ వాన్ గాల్ ఎఫ్ఏ కప్పు గెలిచాడు, లీగ్‌లో ఐదో స్థానం. రెండు రోజుల తర్వాత ఉద్యోగం పోయింది. 2024లో ఎరిక్ టెన్ హాగ్ అదే కప్పును సిటీపై 2-1తో గెలిచాడు, లీగ్‌లో ఎనిమిదో స్థానం. ప్రీమియర్ లీగ్‌లో అప్పటికి అది యునైటెడ్ చూసిన అత్యంత అధమ స్థానం, గోల్ తేడా కూడా మైనస్ 1. అయినా ఆ ఫైనల్ అతడి కుర్చీని కాపాడింది. ఒప్పందాన్ని పొడిగించారు. అక్టోబరు 28న, తొమ్మిది లీగ్ మ్యాచ్‌ల్లో 11 పాయింట్లతో జట్టు పద్నాలుగో స్థానంలో ఉండగా, తీసేశారు. అతడితో పాటు అతడి సిబ్బందిని పంపించడానికి క్లబ్బు పెట్టిన ఖర్చు సుమారు కోటి నాలుగు లక్షల పౌండ్లు. గడిచిన కాలానికి వచ్చిన బహుమతిని రాబోయే కాలానికి హామీగా తీసుకున్నందుకు కట్టిన మూల్యం అది. వాన్ గాల్ విషయంలో అదే క్లబ్బు సభ్యత మరిచిందేమో గానీ, రెండు ప్రశ్నలనూ విడదీసి చూసింది.

అలాగని కప్పును పక్కన పడేయమని నేననను. 2025 మార్చిలో న్యూకాజిల్ లివర్‌పూల్‌ను 2-1తో ఓడించి లీగ్ కప్పు అందుకుంది. 1955 తర్వాత వాళ్లు స్వదేశంలో గెలిచిన మొదటి పెద్ద కప్పు. తాతలు చూసి మనవళ్లకు కథలుగా చెప్పినదాన్ని మనవళ్లు కళ్లారా చూశారు. రెండు నెలల తర్వాత ఆలివర్ గ్లాస్నర్ క్రిస్టల్ ప్యాలెస్‌కు ఎఫ్ఏ కప్పు తెచ్చాడు, ఆ క్లబ్బు చరిత్రలోనే మొట్టమొదటి పెద్ద కప్పు. లీగ్‌లో వాళ్ల స్థానం పన్నెండు. ప్యాలెస్ అభిమానిని పట్టుకుని "కప్పు ఇచ్చేసి ఏడో స్థానం తీసుకుంటావా?" అని అడిగి చూడండి, మిమ్మల్ని పిచ్చివాడిలా చూస్తాడు. లీగ్ టైటిల్ ఎన్నటికీ అందని క్లబ్బులకు కప్పే నిజమైన లక్ష్యం. వాళ్లకు పదో స్థానానికీ పన్నెండో స్థానానికీ తేడా లేదు. సిటీ, లివర్‌పూల్, ఆర్సెనల్ లాంటివాటికి మాత్రం కప్పు పండగ పూట వడ్డించే పాయసం. భోజనం లీగ్.

టాటెన్‌హామ్ ఈ రెంటి మధ్యా ఇరుక్కుంది. ధనిక క్లబ్బుల పంక్తిలో కూర్చుంటుంది, పేద క్లబ్బుల ఆకలితో ఉంటుంది. అందుకే అక్కడ మేనేజర్ ఉద్యోగం అంత కష్టం.

జీతాల బిల్లు

గడిచిన కాలాన్ని తూచడానికి నాకు తెలిసిన నమ్మకమైన రాయి ఇదే. ఒక క్లబ్బు ఆటగాళ్లకు ఏటా ఎంత జీతం ఇస్తుందో చూసి అన్ని క్లబ్బులనూ వరుసలో నిలబెట్టండి. సీజన్ చివర పట్టిక దాదాపు అదే వరుసలో ఉంటుంది. ఒక్క సీజన్‌లో తారుమారు కావచ్చు, కొన్నేళ్ల సగటు తీస్తే మాత్రం ఆశ్చర్యపోయేంత దగ్గరగా వస్తుంది. ఆర్థికవేత్త స్టెఫాన్ షిమాన్‌స్కీ ఇంగ్లండ్ క్లబ్బుల లెక్కలతో ఏళ్ల తరబడి చూపిస్తున్నది ఇదే. మంచి ఆటగాడికి ఎక్కువ జీతం ఇవ్వాలి, మంచి ఆటగాళ్లున్న జట్టు గెలుస్తుంది. ఇందులో మేనేజర్ వాటా మనం టీవీ ముందు అనుకునేదానికంటే చాలా చిన్నది.

అందుచేత ఆగస్టులో మీరు పెట్టుకోవలసిన అంచనా ఇది: జీతాల్లో మా జట్టు ఎన్నో స్థానం? ఆ అంకె కంటే పైన ముగిస్తే మేనేజర్ పని చేశాడు. కిందికి పోతే కారణం వెతకాలి. ఇంగ్లండ్‌లో ప్రతి క్లబ్బూ ఏటా ఖాతాలు దాఖలు చేయాలి కాబట్టి ఈ అంకెలు రహస్యం కావు. కాస్త ఆలస్యంగా వస్తాయంతే.

ఈ తూకంలో రనియేరి కొండంత ఎత్తుకు ఎదుగుతాడు. 2002 నుంచి 2013 వరకు ఎవర్టన్‌ను నడిపిన డేవిడ్ మోయస్ కూడా అంతే. ఆ పదకొండేళ్లలో అతడు ఒక్క కప్పు కూడా గెలవలేదు. కానీ తన కంటే ఎన్నో రెట్లు ఖర్చు పెట్టే క్లబ్బుల మధ్య జట్టును చాలా ఏళ్లు పై సగంలో నిలబెట్టాడు, 2005లో నాలుగో స్థానానికి తీసుకెళ్లాడు. అది చూసే మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ తన కుర్చీకి అతడిని ఎంచాడు. యునైటెడ్‌లో ఆరేళ్ల ఒప్పందం పది నెలల్లో ముగిసింది. తక్కువ డబ్బుతో ఎక్కువ సాధించడం ఒక నైపుణ్యం. ఎక్కువ డబ్బుతో ఇంకా ఎక్కువ సాధించడం వేరే నైపుణ్యం. జీతాల రాయి ఈ రెంటినీ విడదీసి చూపలేదు, అందుకే ఒక క్లబ్బు నుంచి ఇంకో క్లబ్బుకు మేనేజర్‌ను తెచ్చుకునేటప్పుడు ఇది మోసం చేస్తుంది. మోయస్ కథ అక్కడితో ఆగలేదనుకోండి. 2023లో వెస్ట్‌హామ్‌కు కాన్ఫరెన్స్ లీగ్ గెలిచిపెట్టాడు.

చాలామంది జీతాల బదులు ట్రాన్స్‌ఫర్ ఖర్చు (ఆటగాళ్లను కొన్న డబ్బు) లెక్క పెడతారు. "ఇన్ని కోట్లు తగలేశాడు" అంటారు. తగలేసింది ఎవరు? ఇప్పుడు చాలా క్లబ్బుల్లో అతడి హోదా హెడ్ కోచ్ మాత్రమే. ఆటగాళ్లను ఎంచేది స్పోర్టింగ్ డైరెక్టర్, బేరం చేసేది ఇంకొకరు. పెళ్లికి వంటవాడిని తెచ్చుకుని, సరుకులు మనం కొనుక్కొచ్చి, కూర బాగాలేదని వాడినే తిట్టినట్టు ఉంటుంది ఈ విమర్శ. ఖర్చు రాయి ఎత్తే ముందు కొనుగోలు నిర్ణయం ఎవరిదో తెలుసుకోండి.

మా బావమరిది కేసుకు వస్తే, టాటెన్‌హామ్ జీతాల్లో సాధారణంగా ఆరో స్థానం దరిదాపుల్లో ఉంటుంది. ఆరుకీ పదిహేడుకీ మధ్య పదకొండు మెట్లు. ఆ చలికాలంలో డిఫెండర్లు వాన్ డె వెన్, రొమేరో, గోల్ కీపర్ వికారియో, అందరూ గాయాలతో బయట ఉన్నారు, వసంతంలో జట్టు లీగ్‌ను వదిలేసి యూరోపా మీద మనసు పెట్టింది. అదంతా కలిపి నాలుగైదు మెట్లు మినహాయిద్దాం. మిగతావి?

ఎక్స్‌జీ

పేరు చూసి భయపడనక్కరలేదు. ప్రతి షాట్‌కూ అది గోల్ అయ్యే అవకాశం ఎంతో లెక్కగట్టి కూడతారు. పెనాల్టీకి దాదాపు 0.78, ముప్పై గజాల దూరం నుంచి ఆశతో కొట్టినదానికి రెండో మూడో పైసలు. మ్యాచ్‌లో మనం సృష్టించుకున్న అవకాశాలు ఎన్ని, ఎదుటివాళ్లకు ఇచ్చినవి ఎన్ని అన్నది దీనితో తెలుస్తుంది. ఫలితం చెప్పదు, ఆట తీరు చెబుతుంది. అందుకే "ఇకపై ఉంచాలా?" అనే రెండో ప్రశ్నకు నేను మొదట తీసే రాయి ఇదే.

2020-21లో గ్రాహమ్ పాటర్ దగ్గరున్న బ్రైటన్ దీనికి పాఠ్యపుస్తకం లాంటిది. అవకాశాలు దండిగా సృష్టించేవాళ్లు, గోల్ ముందుకెళ్లి ఆకాశంలోకి కొట్టేవాళ్లు. సీజన్ మొత్తానికి 40 గోల్స్, 41 పాయింట్లు, పదహారో స్థానం. ఎక్స్‌జీ లెక్కతో వేసిన పట్టికలో అదే జట్టు చాలా పైన ఉంది. పట్టిక చూసే క్లబ్బు అయితే పాటర్‌ను పంపించేది. బ్రైటన్ పంపలేదు. మరుసటి ఏడాది 51 పాయింట్లతో తొమ్మిదో స్థానం, ఆ తర్వాతి సెప్టెంబరులో నాలుగో స్థానంలో ఉండగా చెల్సీ వచ్చి అతడిని ఎగరేసుకుపోయింది. అక్కడ ఏడు నెలలు నిలిచాడు. పెద్ద క్లబ్బు, గుంపులా ఆటగాళ్లు, అసహనపు యజమానులు. ఎక్స్‌జీ వాటిని కొలవదు.

ఐదారు మ్యాచ్‌ల ఎక్స్‌జీని కూడా నమ్మకండి. పదిహేను, ఇరవై మ్యాచ్‌లు పోగయ్యాక గీత ఎటు పోతోందో చూడండి, అంకెకంటే ఆ దిశ ముఖ్యం. మొదటి అరగంటలోనే గోల్ చేసి తర్వాత వెనక్కి తగ్గే జట్టు అంకెలు ఎప్పుడూ కాస్త తక్కువగా కనిపిస్తాయని కూడా గుర్తుంచుకోవాలి.

ఆట అందం, గెలుపు శాతం, కుర్రాళ్లకు అవకాశం ఇవ్వడం లాంటి రాళ్లు ఇంకా ఉన్నాయి. గెలుపు శాతం పనికిరాదు, కింది డివిజన్ జట్లతో ఆడిన కప్పు మ్యాచ్‌లతో ఉబ్బిపోతుంది. అందం ఎవరి కంటికి వారిదే. నేను దాన్ని తూకంలో వేయను, కానీ రాత్రి పన్నెండున్నరకు లేచి చూసేది దాని కోసమేనని ఒప్పుకుంటాను.

హైదరాబాద్‌లో చూసినది

ఇంగ్లండ్ దాకా ఎందుకు, ఈ రాళ్లన్నీ మన ఊళ్లోనే పరీక్షకు నిలిచాయి. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019-20లో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చి 18 మ్యాచ్‌ల్లో 10 పాయింట్లతో అట్టడుగున ముగించింది. తర్వాత స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ వచ్చాడు. మొదటి ఏడాది ఐదో స్థానం. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఫైనల్, ఎదురుగా కేరళ బ్లాస్టర్స్, గ్యాలరీ అంతా పసుపు రంగు. 88వ నిమిషం వరకు మనం 0-1తో వెనకబడి ఉన్నాం. అప్పుడు సాహిల్ తవోరా బాక్సు బయట నుంచి బాదిన బంతి వెళ్లి వలలో పడింది. పెనాల్టీల్లో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. హైదరాబాద్ ఛాంపియన్.

ఆ బంతి అడుగు పైనుంచి పోయి ఉంటే? మనోలో చేసిన పని రవ్వంత కూడా మారేది కాదు. లీగ్‌లో అట్టడుగు జట్టును రెండేళ్లలో రెండో స్థానానికి తెచ్చిన మనిషే అతడు, మరుసటి ఏడాదీ రెండో స్థానమే. కప్పు రాయితో తూచేవారికి మాత్రం తవోరా కాలే మనోలో ప్రతిభ.

అతడు 2023లో వెళ్లిపోయాడు. 2023-24లో ఆర్థిక ఇబ్బందుల మధ్య ఆటగాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. కోచ్ తాంగ్‌బోయ్ సింగ్టో చేతికి మిగిలింది ఎక్కువగా కుర్రాళ్లే. 22 మ్యాచ్‌లు, ఒక్క గెలుపు, 8 పాయింట్లు. ఆ ఎనిమిది పాయింట్లను సింగ్టో పేరు మీద రాస్తే అంతకంటే అన్యాయం ఉండదు. జీతాల రాయి ఒక్కటే ఇక్కడ నిజం చెబుతుంది.

ఇక మనోలో 2024లో భారత జట్టు కోచ్ అయ్యాడు. ఎనిమిది మ్యాచ్‌లు, ఒక్క గెలుపు, అదీ మాల్దీవుల మీద. 2025 జులైలో వదిలేశాడు. అదే కాలంలో ఎఫ్‌సీ గోవాతో సూపర్ కప్పు గెలిచాడు. ఒకే బుర్ర, ఒకే పలక, ఒకే సుద్ద. క్లబ్బులో రోజూ ఆటగాళ్లు అతడి చేతిలో ఉంటారు, జాతీయ జట్టులో రెండు నెలలకొకసారి వారం రోజులు దొరుకుతారు. జాతీయ జట్టు కోచ్‌ను ఎనిమిది మ్యాచ్‌లతో తూచడం నాకు సరిగా అనిపించదు. కానీ ఎనిమిది మ్యాచ్‌లకు మించి ఓపిక పట్టే దేశాలు తక్కువ.

ఒకప్పుడు మనకు ఆ ఓపిక ఉండేది. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ భారత జట్టు కోచ్‌గా ఉండగా 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మనం 1-10తో ఓడాం. ఇవాళ అయితే ఆ స్కోరు వచ్చిన రాత్రే రాజీనామా అడుగుతారు. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌లో అదే రహీమ్ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచ్ దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడి, ఫైనల్లో అదే కొరియాను 2-1తో గెలిచి స్వర్ణం తెచ్చింది. అప్పటికే ఆయన క్యాన్సర్‌తో ఉన్నారు. మరుసటి ఏడాది పోయారు.

రహీమ్ కథ విన్నా, ఫెర్గూసన్ మొదటి కప్పుకు మూడున్నరేళ్లు పట్టిందని విన్నా, "అందరికీ సమయం ఇవ్వాలి" అనే మాట వెంటనే వస్తుంది. నాకు ఆ వాదన మీద అనుమానం. సమయం ఇచ్చాక నిలబడినవారి పేర్లే మనకు గుర్తుంటాయి. సమయం ఇచ్చినా మునిగినవారి కథలు ఎవరు చెబుతారు? సమయం ఇవ్వాలా వద్దా అన్నది ఆట తీరు చూసి తేల్చాలి, ఫెర్గూసన్ పేరు చెప్పి కాదు. ఇదంతా తెలిసి మాట్లాడుతున్నట్టు రాస్తున్నాను గానీ, 2011 ఆగస్టు 28న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో మేం 2-8తో ఓడిన రాత్రి మా మేనేజర్ ఆర్సెన్ వెంగర్ వెళ్లిపోవాలని అరిచినవారిలో నేనూ ఉన్నాను. ఆ సీజన్ మేం మూడో స్థానంలో ముగించాం. కొత్త స్టేడియం అప్పు తీరుస్తూ, ఏడాదికో మేటి ఆటగాడిని అమ్ముకుంటూ, 2005 నుంచి 2014 వరకు ఒక్క కప్పు లేకపోయినా ఆ మనిషి జట్టును ఏటా మొదటి నలుగురిలో ఉంచాడు. అప్పుడు నా చేతిలో ఉన్నది కప్పు రాయి ఒక్కటే.

మరి ఏది ఎంచుకోవాలి?

పది మ్యాచ్‌లు అయినప్పుడు ఏ రాయీ ఎత్తకండి, ఆట చూడండి. సీజన్ సగానికి ఎక్స్‌జీ దిశ చూడండి. సీజన్ చివర జీతాల స్థానం పక్కన పట్టిక స్థానం పెట్టండి, "బాగా చేశాడా?" అన్నదానికి జవాబు దొరుకుతుంది. మీది మధ్యతరగతి క్లబ్బు అయితే కప్పుకు పెద్ద పీట వేయండి, మొహమాటం వద్దు. "ఉంచాలా?" అన్నదానికి మాత్రం కప్పును దగ్గరికి రానివ్వకండి. దానికి చివరి ఇరవై మ్యాచ్‌ల ఆట తీరు, అతడి చేతిలో ఎదిగిన ఆటగాళ్ల సంఖ్య చాలు. పోస్టెకోగ్లూ విషయంలో రెండు జవాబులు వేర్వేరుగా వస్తాయి. అతడికి విగ్రహం కట్టాలి, వీడ్కోలూ చెప్పాలి. 2025 సెప్టెంబరులో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ అతడిని తీసుకుంది. ఎనిమిది మ్యాచ్‌లు, ఒక్క గెలుపు లేదు, 39 రోజుల్లో తీసేసింది. పది మ్యాచ్‌లలోపు తీర్పు చెప్పవద్దన్న నా సూత్రానికి ఇది కూడా విరుద్ధమే, అతడి మీద ఎంత అనుమానం ఉన్నా ఒప్పుకోవాలి.

ఇంకొక్క పని, అన్నింటికంటే తేలికైనది. అంచనాను సీజన్ మొదలయ్యే ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి. ఫలితం వచ్చాక రాళ్లు మార్చే అలవాటు మనందరిదీ. నేనూ మా బావమరిదీ కొన్నేళ్లుగా ఒక పాత డైరీలో రాస్తున్నాం. ఒక్కో జట్టుకు మూడు అంకెలు: జీతాల ప్రకారం రావలసిన స్థానం, వస్తే పండగ చేసుకునే స్థానం, దాటితే మేనేజర్‌ను మార్చమనే స్థానం. 2024 ఆగస్టు పేజీలో టాటెన్‌హామ్ ఎదురుగా వాడి చేతిరాతలోనే ఉంది: ఆరు, నాలుగు, పది.

ఉద్వాసన వార్త తర్వాతి ఆదివారం వాడు ఇంటికి వచ్చినప్పుడు ఆ పేజీ తీసి వాడి ముందు పెట్టాను. చాలాసేపు చూశాడు. పెన్ను అడిగాడు. పది అన్న అంకెను కొట్టేస్తాడనుకున్నాను, కొట్టలేదు. దాని పక్కన ఖాళీలో "కప్పు వస్తే?" అని రాసి, డైరీ మూసి నా చేతికిచ్చాడు. 2025 ఆగస్టు పేజీలో నాలుగో గడి గీసుకున్నాం. నా వైపు గడిలో ఇంకా ఏమీ రాయలేదు.